గుండు చేతికొస్తేనే బండి కదిలేది

ఆదివారం పొద్దున మా ఇంటి అరుగు మీద కూర్చుంటే ఇప్పుడు చెవిన పడే మాటలు ఇవీ: ఆర్డర్ బుక్కు, మార్జిను, క్వార్టర్ రిజల్టు, పీఈ, టార్గెట్ ప్రైసు. మాట్లాడేది బొంబాయి సేట్లనుకునేరు. ఒకడు మా మనవడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, శుక్రవారం రాత్రి రైలెక్కి డోనులో దిగుతాడు. రెండో ఆయన మా చిన్నల్లుడు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ మనిషి. మూడోవాడు మనవడి స్నేహితుడు, బేతంచెర్లలో వాళ్ళ నాయనకు నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. మధ్యలో ఉగ్గాని పళ్ళెం, పక్కన మిరపకాయ బజ్జీలు. బజ్జీలు చల్లారిపోతాయి గానీ ఫోన్లు చల్లారవు. మార్కెట్టుకు ఆదివారం సెలవంట. వీళ్ళ నోళ్ళకు లేదు.

మా రోజుల్లో ఇదే అరుగు మీద ఏం మాట్లాడుకునేవాళ్ళం? ఈ కార్తెకైనా వాన పడుతుందా, ఎగరగొడుతుందా. ఆదోని మార్కెట్టులో బుడ్డలు ఎంత పలికినాయి. చీటీ పాట ఎవరు ఎత్తినారు, ఎంత తోసుకుని ఎత్తినారు. నాలుగు డబ్బులున్నవాడు వడ్డీకి ఇచ్చేవాడు. ప్రోనోటు మీద సంతకం, పక్కన సాక్షి సంతకం. వడ్డీ రాకపోతే పొద్దున్నే పోయి వాని అరుగు మీదే కూర్చునేవాడు, అదీ వసూలు. ఇంకొంచెం ఉన్నవాడు ప్రొద్దుటూరు పోయి బంగారు కొనేవాడు, గీటురాయి మీద గీయించి, తూకం కళ్ళతో చూసి. ఇప్పుడు వీళ్ళు కొన్నది చేతికి తగలదు, అమ్మిన మనిషి ముఖం తెలీదు. బొటనవేలు ఒక్కటి కదులుతుంది, అంతే.

సరే, కాలం మారింది, ఎవరి డబ్బులు వాళ్ళవి అని ఊరుకుందును. ఊరుకోలేకపోయింది ఎందుకంటే, ఈ మధ్య వాళ్ళ నోట్లో నానుతున్న వ్యాపారం నా వ్యాపారం. ముప్పై ఎనిమిదేళ్ళు నేను అన్నం తిన్న వ్యాపారం. రైలును రైలు గుద్దుకోకుండా ఆపడం.

"ఎంబెడెడ్ సాఫ్ట్‌వేరు జేజినాయనా" అని మొదలుపెట్టినాడు మనవడు. "అంటే తెర మీద కనపడే సాఫ్ట్‌వేరు కాదు. యంత్రం కడుపులో కూర్చుని దాన్ని నడిపించేది. వాషింగ్ మెషీన్లో ఉంటుంది, కారు బ్రేకుల్లో ఉంటుంది. ఇప్పుడు కవచ్ పేరుతో రైలింజన్లోకి వచ్చింది. మొదట చేసిన మూడు కంపెనీలూ మన హైదరాబాదువే. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మేధా మార్కెట్టులో లేదు. కడమ రెండూ ఉన్నాయి."

"అది ఏం చేస్తుందిరా?"

"రైళ్ళు గుద్దుకోకుండా ఆపుతుంది."

"ఎట్లా?"

వాడు అల్లుని వైపు చూసినాడు. అల్లుడు బేతంచెర్ల పిల్లోని వైపు చూసినాడు. ఆ పిల్లోడు ఫోను వైపు చూసినాడు.

అదీ నా కోపం. కంపెనీకి ఎన్ని కోట్ల ఆర్డర్లున్నాయో ముగ్గురికీ నోటికి వచ్చు. ఆ కంపెనీ చేసే పెట్టె ఎట్లా పనిచేస్తుందో ఒక్కరికీ తెలీదు.

నేను 1970లో అసిస్టెంటు స్టేషన్ మాస్టరుగా చేరినప్పుడు మా గుంతకల్లు డివిజను సదరన్ రైల్వేలో ఉండేది. 1977లో సౌత్ సెంట్రల్ రైల్వేకు వచ్చింది. డోను నుంచి ఎటు పోయినా మీటరు గేజి, సింగిల్ లైను. రెండు స్టేషన్ల మధ్య ఒకే జత పట్టాలు. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి వదిలితే ఏమవుతుందో చిన్నపిల్లోడైనా చెబుతాడు. అది కాకుండా చూడటానికి మా బల్ల పక్కన ఒక ఇనుప యంత్రం ఉండేది. నీల్స్ బాల్ టోకెన్ అనేవాళ్ళు. మా స్టేషన్లో ఒకటి, పక్క స్టేషన్లో దాని జంట, మధ్యలో తీగ. నేను గంటలు కొట్టి లైన్ క్లియర్ అడగాల. అవతలి మాస్టరు ఒప్పుకుని తన వైపు నుంచి కరెంటు పంపితేనే నా యంత్రంలోంచి ఇనుపగుండు రాలి చేతికొచ్చేది. ఒక గుండు బయట ఉన్నంతసేపు రెండు యంత్రాల్లో ఏదీ ఇంకో గుండు ఇవ్వదు. తన్నినా ఇవ్వదు, దండం పెట్టినా ఇవ్వదు. ఆ గుండు చేతికందితేనే డ్రైవరు బండి కదిలించేది. ఆగని బండయితే, గుండును తోలుసంచిలో వేసి, బెత్తపు రింగుకు కట్టి, ప్లాట్‌ఫారం చివర మా పాయింట్స్‌మన్ ఎత్తి పట్టుకునేవాడు. ఇంజను మీది మనిషి చెయ్యి చాపి మోచేతికి తగిలించుకుని పోయేవాడు. ఎండాకాలం ఆ రింగు తగిలితే చెయ్యి కమిలిపోయేది.

ఆ యంత్రంలో ఒక్క అక్షరం సాఫ్ట్‌వేరు లేదు. తెలివి మొత్తం ఇనుములో పోతపోసి ఉండేది. దాన్ని చేసిన కంపెనీ షేరు ఎంత ఉందో మేమెవరమూ అడగలేదు. అది ఎక్కడ మొరాయిస్తుందో మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఈ మాటలు చెబుతుంటే మనవడు ఫోను పక్కన పెట్టినాడు. అదొక విశేషం. సరే అని ఆ కవచ్ సంగతి కూడా నేనే చెప్పినాను. రిటైరైనా మా సిగ్నల్ పిల్లకాయలు ఇంటికొచ్చి చెబుతుంటారు. పట్టాల మధ్య స్లీపర్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగిస్తారు. ఇంజను వాటి మీదుగా పోతూ చదువుకుని తానెక్కడుందో తెలుసుకుంటుంది. స్టేషన్లో ఒక పెట్టె సిగ్నళ్ళ సంగతి కనుక్కుని టవరు మీదుగా రేడియోలో ఇంజనుకు చెబుతుంది. ఎర్రదీపం ఉన్నా డ్రైవరు ఆపకపోతే ఇంజన్లోని పెట్టె తానే బ్రేకు వేస్తుంది. గేటు దగ్గరికొస్తే తానే కూత వేస్తుంది. 2022 మార్చి 4న వికారాబాదు దగ్గర గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజనెక్కి, ఎదురుగా ఇంకో ఇంజను పెట్టించి చూసినాడు. 380 మీటర్ల దూరంలో బండి దానంతట అదే ఆగింది.

"దీని పుట్టుక కూడా తెలుసుకోండి" అన్నాను. 1999 ఆగస్టులో గైసాల్‌లో రెండు రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకుని వందల మంది పోయినారు. ఆ తరువాత కొంకణ్ రైల్వేలో ఉన్న బొజ్జి రాజారాం అనే ఇంజనీరు ఢీకొనకుండా ఆపే ఒక పరికరం కనిపెట్టినాడు. దాన్ని తయారుచేసింది ఈ కెర్నెక్సే. ఈశాన్య సరిహద్దు రైల్వేలో పెట్టి చూసినారు. అది దేశమంతా పాకలేదు. తరువాత లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ కొత్తగా ఇంకొకటి రాయించింది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్ల మీద పరీక్షలు మొదలైనాయి. 2020లో దేశానికంతా ఇదే అని ఖాయం చేసినారు. అంటే గైసాల్ నుంచి అక్కడికి ఇరవై ఏండ్లు. ఈ ఇరవై ఏండ్లూ ఆ పని పట్టుకుని ఉన్నవాని ఓపిక ఎంత ఉండాల! మీరు మూడు నెలల రిజల్టు బాగలేదని అమ్మేస్తామంటారు.

బేతంచెర్ల పిల్లోడు చురుకైనోడు. "ఇప్పుడా ఓపికకు ఫలం వచ్చింది కదా జేజినాయనా! 2024 డిసెంబరులో చిత్తరంజన్ ఇంజన్ల కార్ఖానా కెర్నెక్సుకు 2,500 ఇంజన్లకు ఆర్డరిచ్చింది. 2,041 కోట్లు."

నేను గోడ వైపు చూసి లెక్క కట్టినాను. ఇంజనుకు 81 లక్షల పైచిలుకు. రైల్వే వాళ్ళు చెప్పే లెక్కా దగ్గర దగ్గర అంతే. ఇంజనుకు 80 లక్షలు, లైను పక్కన పరికరాలకు కిలోమీటరుకు 50 లక్షలు.

"అందులో కంపెనీకి మిగిలేదెంత?"

"అదే జేజినాయనా ఎంబెడెడ్ గొప్పతనం" అన్నాడు మనవడు. ఇక్కడ వాని మాటలో పస ఉంది, ఒప్పుకోవాల. "సాఫ్ట్‌వేరు ఒకసారి రాసేదే కష్టం. సిల్-4 సర్టిఫికెట్ అంటే భద్రతలో అన్నింటికన్నా పై మెట్టు. అది తెచ్చుకునేదానికి ఏండ్లు పడుతుంది. తెచ్చుకున్నాక అదే సాఫ్ట్‌వేరు పది ఇంజన్లకు, పదివేల ఇంజన్లకు. బయటివాడు రేపు పొద్దున వచ్చి పోటీ పడలేడు."

"పడలేడా? మొన్న ఇంకొక కవచ్ కంపెనీ మార్కెట్టుకొచ్చిందని మీరే చెబితిరి."

"క్వాడ్రంట్. 2025 జనవరిలో. 180 రెట్లకు పైగా అప్లికేషన్లు వచ్చినాయి."

"మరి గోడ ఎత్తుగా ఉందంటివి! గోడ దూకేవాళ్ళు వరుస కట్టినారు కదరా. ఇంకోటి. పెట్టె ఎట్లా ఉండాలో రాసేది ఎవరు? కంపెనీ కాదు. లక్నో. 2024 జులై 16న కవచ్ 4.0 అని కొత్త లెక్క ఇచ్చినారు. అంతకుముందు చేసిందంతా మళ్ళీ సరిచేసుకోవాల, మళ్ళీ పరీక్షలు. కొనేది ఎవరు? ఒక్క రైల్వే. డబ్బులిచ్చేది? అదే రైల్వే. ఎప్పుడిస్తుంది? నా టీఏ బిల్లు పద్దెనిమిది నెలలకొచ్చింది, నన్ను అడగండి."

అల్లుడు నవ్వినాడు. "మామా, ప్రభుత్వం కొనేదాని కన్నా భద్రం ఇంకేముంది?"

ఆ మాట కోసమే కాచుకున్నాను. మనూళ్ళ మీదుగా పారే కేసీ కెనాలు ఉంది కదా, కర్నూలు కడప కాలువ, అది ఎవరు తవ్వినారో తెలుసా అన్నాను. దొరలు అన్నాడు. దొరలే గానీ ప్రభుత్వం కాదు, షేర్ల కంపెనీ. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. 1858లో లండన్‌లో పెట్టినారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి నూటికి అయిదు వడ్డీ ప్రభుత్వం పూచీ. కాలువలో నీళ్ళు పారినా పారకున్నా షేరుదారునికి అయిదు వస్తుంది. అక్కడి షేరుదారునికి సుంకేసుల ఎక్కడుందో తెలీదు. తుంగభద్ర ఏ నెలలో నిండుతుందో తెలీదు. మన రైతు నల్లరేగడిలో జొన్న, పత్తి మెట్టపైరుగా పండిస్తాడని, నీళ్ళకు పన్ను కట్టి వరి నాటేదానికి ఎగబడడని అసలే తెలీదు. కాలువ తవ్వినారు, పడవలు కూడా తిరిగినాయి, రాబడి మాత్రం రాలేదు. 1876లో ధాత కరువొచ్చి జనం పిట్టల్లా రాలినప్పుడు గానీ ఆ నీళ్ళ విలువ తెలిసి రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీని కొనేసింది. పూచీ ఉన్నంత మాత్రాన వ్యాపారం ఉన్నట్టు కాదు. ఆ కాలువ కింద ఈ రోజుకూ పైర్లు పండుతున్నాయి. కాలువ మంచిదే, కంపెనీ నిలవలేదు. కవచ్ మంచిది కాబట్టి దాన్ని చేసే ప్రతి షేరూ మంచిదే అనుకోవడం కూడా అంతే.

అల్లుడు బజ్జీ తీసుకున్నాడు. ఆయన జవాబు చెప్పలేనప్పుడు బజ్జీ తీసుకుంటాడు.

మనవడు ఊరుకోలేదు. "ఆ కాలంలో లెక్కలు దాచిపెట్టేవాళ్ళు. ఇప్పుడు అన్నీ బయటపెట్టాల్సిందే."

అవును నాయనా. సత్యం కూడా బయటపెట్టింది. మన తెలుగువాళ్ళ కంపెనీ, 2008లో సుపరిపాలనకు బంగారు నెమలి బహుమతి తెచ్చుకుంది. ఆ డిసెంబరులో మేటాస్ కంపెనీలను కొంటామని లేచింది. సత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే మేటాస్. పేరే తిరగేసి ఉన్నా అంతవరకు ఎవరికీ పెద్దగా అనుమానం రాలేదు! 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాసినాడు, బ్యాంకులో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,040 కోట్లు లేనే లేవని. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 లోపల. కాగితాల మీద అన్నీ ఉన్నాయి. పోయి చూసినవాడు లేడు.

జొన్నగిరి చేన్లలో తొలకరి పడగానే వజ్రాలు వెతికేదానికి జనం వస్తారు చూడండి, అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి, సద్ది కట్టుకుని. వాళ్ళను చూసి వీళ్ళు నవ్వుతారు, పిచ్చోళ్ళని. ఆ పిచ్చోళ్ళు కనీసం నేల మీద కళ్ళు పెట్టి నడుస్తారు.

అయితే వీళ్ళ మీద నాకు నిజంగా కడుపు మండింది వేరే రోజు. 2023 జూన్ 2, శుక్రవారం. ఒడిశాలో బాలాసోర్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం. 290 మందికి పైగా పోయినారు. శనివారమంతా టీవీ ముందర నాకు మెతుకు దిగలేదు. ఆదివారం ఇదే అరుగు మీద ఒక గొంతు, ఎవరిదో చెప్పను: "అక్కడ కవచ్ లేదంట. రేపు ఈ షేర్లు ఎక్కుతాయి."

లేచి లోపలికి పోయినాను. ఆ తరువాత రెండు వారాలు అరుగు మీదికి రాలేదు.

మూడో వారం వచ్చి ఒకే మాట చెప్పినాను. ఆ రోజు డ్రైవరు తప్పు చేయలేదు. సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో పొరపాటు జరిగింది. పాయింట్లు లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి, సిగ్నలు మాత్రం మెయిన్ లైనుకు పచ్చ చూపించింది. కవచ్ సిగ్నలును నమ్ముతుంది. సిగ్నలే అబద్ధం చెబితే అది ఏం చేస్తుంది? 1902లో కడప జిల్లా మంగపట్నం దగ్గర వంతెన కొట్టుకుపోయి మెయిలు బండి వాగులో పడింది. 1956 సెప్టెంబరులో మా లైనులోనే జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా పోయినారు. అక్కడ ఈ పెట్టె ఉండినా ఏమీ చేయగలిగేది కాదు. ఏది ఆపుతుందో, ఏది ఆపదో తెలీకుండా ఎక్కుతుంది ఎక్కుతుంది అంటే, అది చావు మీద పాట పాడినట్టు.

ఈ మధ్య ఆ మాటే మళ్ళీ ఎత్తినప్పుడు మనవడు మెల్లగా అడిగినాడు. "మీ ఇనుపగుండు మాత్రం అన్నీ ఆపిందా జేజినాయనా?"

అబద్ధం చెప్పే వయసు కాదు నాది. ఆపలేదు. యంత్రం చెడిపోతే కాగితం మీద లైన్ క్లియర్ రాసి ఇచ్చేవాళ్ళం. అవతలి మాస్టరు ఫోనులో ఒక ప్రైవేటు నంబరు చెబుతాడు, అది రాసుకుని డ్రైవరుకు ఇవ్వాల. ఒక వానరాత్రి, వరుసగా మూడో రాత్రి డ్యూటీలో, ముందు బండికి వచ్చిన నంబరే వెనక బండి కాగితం మీద రాసినాను. అప్పటికి నేను అవతల అడగనే లేదు. పాయింట్స్‌మన్ అక్షరజ్ఞానం అంతంత మాత్రం ఉన్న మనిషి. కాగితం తీసుకుని రెండడుగులు పోయి నిలబడినాడు. "సామీ, గంట మోగలేదే" అన్నాడు. నా కాళ్ళు ఇప్పటికీ వణుకుతాయి.

"అందుకే పెట్టె కావాల జేజినాయనా" అన్నాడు మనవడు. "నిద్ర రానిది."

నేను ఒప్పుకున్నాను. వాళ్ళ ముందర ఇదే మొదటిసారి అనుకుంటాను.

ఆ సాయంత్రం వాణ్ణి స్టేషనుకు తీసుకుపోయినాను. స్టేషను పక్కన పొడుగాటి టవరు ఉంది. వారం వారం దాని నీడలోనే దిగి ఆటో ఎక్కుతాడు. "ఇదేందిరా?" అంటే సెల్లు టవరన్నాడు. సౌత్ సెంట్రల్‌లో మొట్టమొదట కవచ్ పెట్టిన 1,465 కిలోమీటర్లలో మన్మాడ్ నుంచి ముద్‌ఖేడ్, డోను మీదుగా గుంతకల్లు దాకా పోయే లైను కూడా ఉంది. మన ఊరి లైను. వీళ్ళు ఫోనులో కొనేది, అమ్మేది వీళ్ళ నెత్తి మీదే నిలబడి ఉంది. వాడు తలెత్తి చాలాసేపు చూసినాడు. ఫోటో మాత్రం తీయలేదు.

ఇంటికొచ్చి నా ట్రంకుపెట్టె తెరిచినాను. స్టేషన్లో మాకు ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టరు ఉండేది. ప్రతి గంటా, ప్రతి బండీ, నిమిషంతో సహా సిరాతో రాయాల. తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరిగ్గా రాసి, సంతకం పెట్టాల. తప్పు కనపడాల. అట్లాంటిదే ఒక గట్టి అట్ట పుస్తకం, రాయనిది, పెట్టె అడుగున ఉండింది. తీసి మనవని చేతిలో పెట్టినాను. "కొనుక్కో, వద్దనను. కొన్న రోజే ఎందుకు కొంటున్నావో ఇందులో రాయి. ఆ పెట్టె ఏం చేస్తుందో నీ మాటల్లో రాయి. అమ్మిన రోజు ఎందుకు అమ్మినావో రాయి. చెరపొద్దు."

"నువ్వూ రాస్తావా జేజినాయనా?"

పెట్టె అడుగున ఇంకొకటి కూడా ఉంది. గులాబీరంగు షేరు సర్టిఫికెట్లు, రిజిస్టర్డ్ పోస్టులో వచ్చినవి. ఆ కంపెనీ పేరు చెప్పను. కర్నూలులో ఒక ఏజెంటు అప్లికేషన్ ఫారాలు పంచుతుంటే, నా రెండో కూతురి పెండ్లికని దాచిన డబ్బు పెట్టినాను. ఆ కంపెనీ ఆఫీసు తలుపు ఎక్కడుందో ఈ రోజుకూ తెలీదు. ముప్పై ఏండ్లుగా మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. అరుగు మీద కూర్చుని వీళ్ళకు నీతులు చెప్పినాను.

పెన్ను తీసుకుని మొదటి పేజీలో మొదటి గీత మీద నేనే రాసినాను. సంవత్సరం 1995. షేర్లు 300. కారణం: పక్క స్టేషన్ మాస్టరు కొన్నాడని. కింద సంతకం పెట్టి పుస్తకం వానికిచ్చినాను.